హౌకె కట్ట: ఒక జర్మన్ కథకు మట్టి నమూనా (ప్రాజెక్టు డైరీ)

ఫిబ్రవరి ఆఖరు

హాంబుర్గ్‌లో మా ఆదివారం తెలుగు క్లాసుకు వచ్చే పెద్ద పిల్లలకు ఈ ఏడాది స్కూల్లో "డెర్ షిమ్మెల్‌రైటర్" పెట్టారు. తెల్లగుర్రం మీద సముద్రపు కట్ట వెంట తిరిగే మనిషి కథ. రాసినాయన టేయోడోర్ ష్టోర్మ్, పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ వాస్తవికవాదుల్లో ముందు వరసలో ఉండే రచయిత. ఉత్తర సముద్రం ఒడ్డున హూసుం అనే చిన్న ఊళ్లో 1817 సెప్టెంబరు 14న పుట్టారు. ఈ కథ ఆయన చివరిది. 1888 ఏప్రిల్, మే నెలల్లో ఒక పత్రికలో అచ్చయింది. ఆ జులై 4నే ఆయన పోయారు.

పిల్లల ఫిర్యాదు ఒక్కటే. "దెయ్యం కథ అన్నారు అంకుల్. తీరా చూస్తే సగం పుస్తకం గట్టు గురించే!"

నేను సివిల్ ఇంజనీర్‌ని. పుట్టింది దివిసీమలో. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే వింటూ పెరిగాను. గట్టు గురించి సగం పుస్తకం రాసినాయన మీద నాకు మొదటినుంచీ గురి. అందుకని ఆ గట్టునే కట్టి చూద్దాం అన్నాను.

ఈ ఆలోచన నాది కాదు, కథలో కుర్రాడిది. హౌకె హైయెన్ పోటు పెద్దగా ఉండే రోజుల్లో గట్టు మీద ఒక్కడే కూర్చుని, అలలు కట్టను ఎలా కొడుతున్నాయో గంటల తరబడి చూస్తాడు. ఇంటికొచ్చి కొవ్వొత్తి వెలుగులో బంకమట్టితో చిన్న చిన్న కట్టలు చేస్తాడు. వాటిని వెడల్పాటి గిన్నెలో నీళ్లలో పెట్టి అల ఎక్కడ కోస్తుందో చూస్తాడు. లేదంటే పలక మీద కట్ట వాలు గీస్తూ కూర్చుంటాడు. చివరికి తండ్రి దగ్గర తేల్చేస్తాడు: మన కట్టలు పనికిరావు, సముద్రం వైపు మరీ నిటారుగా ఉన్నాయి. పెద్దయ్యాక ఊరి కట్టల అధికారి అయి, ఏటవాలుగా కొత్త కట్ట కట్టిస్తాడు. ఆయన ఎక్కి తిరిగే తెల్లగుర్రం దెయ్యపుదని ఊరివాళ్లు గుసగుసలాడతారు.

మా పని కూడా అదే. నిటారు కట్ట, ఏటవాలు కట్ట ఒకే తొట్టెలో పక్కపక్కన కట్టి, ఒకే అలతో రెంటినీ కొట్టిస్తాం. గోడ మీద ష్టోర్మ్ జీవితం గురించి పిల్లలు రాసిన బోర్డులు ఉంటాయి. జూన్‌లో తల్లిదండ్రులకు చూపిస్తాం. నేను తేల్చుకోవాలనుకుంటున్నది ఇంకొకటుంది. ఈ కథలో గుర్రాన్నీ దెయ్యాన్నీ మోస్తున్నది ఆ కట్టేనని నా నమ్మకం. కట్ట లెక్క తప్పయితే కథ నిలబడదు. ఆ లెక్క చూడాలి.

మార్చి మొదట్లో

తొట్టె దొరికింది. చేపల తొట్టెలు అమ్మే ఒకాయన పాత గాజు తొట్టె చవగ్గా ఇచ్చాడు. పొడవు 150 సెంటీమీటర్లు, వెడల్పు 40. నిలువుగా మధ్యలో అక్రిలిక్ పలక దించి రెండు కాలువలు చేశాం. ఒక చివర ప్లైవుడ్ పలకను కబ్జాలతో బిగించాం. పిడి పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపితే రెండు కాలువల్లోనూ ఒకేసారి అల పుడుతుంది. ఎవరు ఊపినా ఒకే వేగం ఉండాలి కాబట్టి, సంగీతం నేర్చుకునే పిల్ల ఫోనులో మెట్రోనోమ్ పెట్టింది. ఆ టక్‌టక్‌కి తగ్గట్టు ఊపుతున్నారు.

గ్యారేజీలో చలికి సిలికాన్ ఆరలేదు. మొదటిసారి నీళ్లు పోయగానే మధ్య పలక కింద నుంచి ఇటు నీళ్లు అటు జారాయి. హీటర్ పెట్టి, మళ్లీ పూసి, పూర్తిగా ఆరేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

కొలతలు ఇవి. కట్ట ఎత్తు 10 సెంటీమీటర్లు, అంటే 50 వంతుల స్కేలులో 5 మీటర్లు. పాత కట్టకు సముద్రం వైపు వాలు 1:1.5. పది ఎత్తుకు పదిహేను పొడవు, నిటారుకు దగ్గర. కొత్త కట్టకు 1:6. అదే పది ఎత్తుకు అరవై పొడవు. కాగితం మీద ఈ రెండు గీతలు గీసి చూపిస్తే పిల్లలకు విషయం సగం తెలిసిపోయింది. కొత్త కట్టకు పట్టే మట్టి ఎంత ఎక్కువో చూసి ఒక కుర్రాడు, "ఊళ్లో వాళ్లకు ఒళ్లు మండదా మరి?" అన్నాడు. కథలో గొడవంతా అక్కడే ఉంది. దాని సంగతి తర్వాత.

మార్చి, మట్టి పని

అసలు కట్ట నుంచి మట్టి తేవడం కుదరదు. ఇక్కడ కట్టను గీరినా నేరమే, ఉండాల్సింది కూడా అలాగే. కుండల మట్టి బస్తా కొన్నాం. ఆ కాలంలో కట్ట అంటే మొత్తం బంకమట్టే. సముద్రం వదిలిపోయిన ఒండ్రు గట్టిపడితే, దాన్ని తవ్వి గుర్రబ్బళ్లలో తోలి, తిరగబోసి, తొక్కి కట్టేవారు. ఈ రోజుల్లో లోపల ఇసుక నింపి, పైన మందంగా బంకమట్టి పొర వేసి, దాని మీద పచ్చిక పెంచుతారు. మేం ఇసుక మీద పల్చగా మట్టి పూత వేశాం. బంకమట్టి అంటుకునే గుణం స్కేలుతో పాటు తగ్గదు. పది సెంటీమీటర్ల కట్టను మొత్తం మట్టితో చేస్తే మా అల దాన్ని ఏమీ చేయలేదు, తేడా కనపడదు.

పాత కట్టల పాదం దగ్గర గడ్డి కుట్టేవారు. ఇది నాకు భలే నచ్చింది. ఎండుగడ్డిని మట్టి మీద పరిచి, ఒక పనిముట్టుతో కట్టలు కట్టలుగా లోపలికి పొడిచి, చాప నేసినట్టు బిగిస్తారు. పచ్చిక పట్టేదాకా అలల నుంచి మట్టిని కాచేది ఆ గడ్డే. మా అమ్మాయి జనపనార పురికొసను ముక్కలు చేసి, పరిచి, పుల్లతో లోపలికి పొడిచింది. అరచేతి వెడల్పుకే ఒక సాయంత్రం పట్టింది. ష్టోర్మ్ కథలో శీతాకాలం ముందు ఊరంతా గడ్డి మోసే సన్నివేశాన్ని పిల్లలు ఇదివరకు పేజీ తిప్పేశారు. ఇప్పుడు వెనక్కి వెళ్లి చదువుతున్నారు.

మార్చి మధ్యలో, బోర్డులు

జీవిత చరిత్ర బోర్డులు పుట్టిన తేదీ నుంచి పోయిన తేదీ దాకా వరసగా రాయొద్దన్నాను. కథలోకి ఏది వచ్చి చేరిందో అదే రాయాలి.

మొదటి బోర్డు ఆయన వృత్తి మీద. ష్టోర్మ్ ప్లీడరు కొడుకు, తనూ ప్లీడరే. కీల్‌లో, బెర్లిన్‌లో లా చదివి 1843లో హూసుంలో ప్రాక్టీసు పెట్టారు. అప్పట్లో ఆ ప్రాంతం డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉండేది. 1848లో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ జనం తిరగబడ్డారు. తిరుగుబాటు అణిగిపోయినా ఆయన తన పక్షం మార్చుకోలేదు. 1852లో ప్రాక్టీసు చేసే హక్కు తీసేశారు. 1853లో పెళ్లాం బిడ్డలతో ఊరు వదిలి ప్రష్యాలో పోట్స్‌డాం కోర్టులో చేరారు, మొదట్లో జీతం కూడా లేకుండా. ఇల్లు గడవడానికి హూసుం నుంచి తండ్రి డబ్బు పంపేవారు. 1856లో హైలిగెన్‌ష్టాట్‌లో జడ్జీ ఉద్యోగం వచ్చింది. 1864లో డెన్మార్క్ సేనలు వైదొలిగాకే సొంత ఊరు చేరారు, ఆ జిల్లా పాలన, న్యాయం రెండూ చూసే అధికారిగా. కొన్నేళ్లకే ఆ ప్రాంతాన్ని ప్రష్యా కలిపేసుకుని ఆ పదవిని రద్దు చేసింది. ఆయన మామూలు జడ్జీ అయ్యారు. 1880లో రిటైరయ్యే దాకా పగలు కోర్టు ఫైళ్లు, మిగిలిన వేళల్లో కథలు.

ఎవరి పొలానికి ఎవరు జవాబుదారీ, ఎవరి వాటా ఎంత, అనాథల ఆస్తికి ఎవరు సంరక్షకుడు? బతుకంతా ఇవి విన్న మనిషి ఆయన. హౌకె కథలో మనుషులు పోట్లాడుకునే తీరు చూస్తే జడ్జీ గారి చెవి తెలుస్తుంది.

రెండో బోర్డు పాట మీద. 1843లోనే ఆయన హూసుంలో ఒక గాయక బృందం పెట్టారు. తనే నడిపేవారు, తనూ పాడేవారు. ఊరు వదిలి మళ్లీ వచ్చాక దాన్ని తిరిగి నిలబెట్టారు. దీన్ని సంగీతం పిల్లకు అప్పగించేశాం.

మూడోది ఇల్లు. భార్య కాన్‌స్టాంజె దగ్గరి బంధువే. ఏడో కాన్పు తర్వాత 1865లో జ్వరంతో పోయారు. మరుసటి ఏడాది డోరొటేయా యెన్సెన్‌ను పెళ్లాడారు. పెద్ద కొడుకు హాన్స్ డాక్టరీ చదివాడు కానీ తాగుడులో పడిపోయి 1886లో, తండ్రి బతికుండగానే పోయాడు. ష్టోర్మ్ కథల్లో తండ్రీకొడుకులు మళ్లీ మళ్లీ వస్తారు. 1878 నాటి "కార్స్‌టెన్ కురాటోర్"లో కొడుకు తప్పుల కింద నలిగిపోయే తండ్రి ఉంటాడు. అందులోనూ ఉప్పెన ఉంది. 1882 నాటి "హాన్స్ ఉంట్ హైంజ్ కిర్ష్"లో తండ్రి మొండితనమే కొడుకును పోగొడుతుంది. నన్నడిగితే ఆయన రాసినవాటిలో అన్నిటికన్నా బరువైనది అదే. ఆయనకు బతికుండగా పేరు తెచ్చింది మాత్రం 1849లో రాసిన "ఇమ్మెన్‌జే", చేజారిన తొలిప్రేమ కథ. నాకది అందంగానే ఉంటుంది కానీ, సముద్రపు చలిగాలి తగిలే చివరి కథల ముందు ఆగదు.

మార్చి ఆఖరు, మొదటి పరీక్ష

నీటి మట్టం 6 సెంటీమీటర్లు. మెట్రోనోమ్ మొదలు.

నిటారు కట్ట దగ్గర అల గోడకు కొట్టుకున్నట్టు కొట్టుకుని వెనక్కి తిరిగింది. వచ్చే అల, వెళ్లే అల కలిసి కట్ట ముందు నీళ్లు ఉన్నచోటే పైకీ కిందికీ ఎగిరాయి. కాసేపటికి కట్ట పాదం దగ్గర నీళ్లు మట్టి రంగుకు తిరిగాయి. గాజుకు కన్ను ఆనించి చూస్తే, పూత కింది అంచు దగ్గర వేలు పట్టేంత గూడు పడింది. పైన పూత అలాగే ఉంది, కింద ఇసుక జారిపోతోంది. తర్వాత ఒక్కసారిగా పూత పెచ్చు విరిగి పడింది.

ఏటవాలు కట్ట దగ్గర అదే అల వాలు మీదికి వస్తూ వస్తూ ముందుకు వాలి, తెల్లగా విరిగి, పల్చటి నాలుకలా పైకి పాకింది. దిగేటప్పుడు తర్వాతి అలకు అడ్డం పడి దాని జోరు కూడా తగ్గించింది. వాలు మీద సన్నటి చారలు తప్ప మట్టికి ఏమీ కాలేదు.

అలలో ఉన్న శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. నిటారు కట్ట దగ్గర అదంతా ఒకే చోట, ఒకే దెబ్బగా పడుతుంది. ఏటవాలు కట్ట దగ్గర పొడుగూతా విరుగుతూ ఖర్చవుతుంది. హౌకె గిన్నెలో చూసింది ఇదే. గడ్డి కుట్టిన చోట పాదం చాలాసేపు తట్టుకుంది. పురికొస ఊడిన చోట మాత్రం గూడు వెంటనే పడింది.

ఇది ష్టోర్మ్ ఊహించి రాసింది కాదు. ఆ తీరంలో పద్దెనిమిదో శతాబ్దంలోనే జాన్ ఆన్రీ డెమెర్సియెర్ అనే ఆయన పెట్టుబడి పెట్టి, సముద్రం నుంచి భూమి గెలుస్తూ ఏటవాలు కట్టలు కట్టించాడు. 1767లో కట్టిన ఒక కోగ్ ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. కోగ్ అంటే కట్ట వేసి సముద్రం నుంచి తీసుకున్న పల్లపు భూమి. హౌకె చదువుకు మూలం ఫారెటోఫ్ట్ గ్రామపు రైతు హాన్స్ మోమ్‌జెన్, తనంతట తాను గణితం నేర్చుకున్నవాడు. కథలోనే ఆయన పేరు వస్తుంది. హౌకె కూడా ఇంట్లో దొరికిన డచ్ యూక్లిడ్‌ను, భాష రాకపోయినా వ్యాకరణం పక్కన పెట్టుకుని చదివేస్తాడు. మా పిల్లల్లో ఒకడు కోడింగు వీడియోలు చూసి తనంతట తానే నేర్చుకుంటున్నాడు. వాడికి హౌకె అంటే ఆ రోజు నుంచి ప్రాణం.

కట్టల లెక్కల కోసం ష్టోర్మ్ హైడె పట్టణంలో నిర్మాణ పనులు చూసే తన స్నేహితుడు క్రిస్టియాన్ ఎకెర్మాన్‌ను అడిగి తెలుసుకున్నారు. డెబ్బయ్యో పడిలోకి వస్తున్న పేరున్న రచయిత, కట్ట ఎలా కడతారో ఇంజనీరు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఈ సంగతి మా బోర్డు మీద పెద్ద అక్షరాల్లో రాయించాను.

ఏప్రిల్, హూసుం

అందరం రైలెక్కి హూసుం వెళ్లొచ్చాం. ఊరు చిన్నది. రేవు ఊరి మధ్యకు వస్తుంది. మేం చేరే వేళకు ఆటు. పడవలు బురదలో కూర్చుని ఉన్నాయి, నీళ్లు సన్నటి కాలువంత మిగిలాయి. సాయంత్రం మళ్లీ వచ్చేసరికి అదే రేవు నిండుగా ఉంది. పోటుకూ ఆటుకూ మధ్య మూడు మీటర్లకు పైనే తేడా. పిల్లలు నోరెళ్లబెట్టారు.

వాసర్‌రైహె వీధి 31వ నంబరు ఇల్లు ఇప్పుడు ష్టోర్మ్ మ్యూజియం. 1866 నుంచి 1880 దాకా అక్కడే ఉన్నారు. ఇరుకు మెట్లు, తక్కువ ఎత్తు గదులు, అంతమంది పిల్లలు. ఆ సందట్లో అన్ని కథలు ఎలా రాశారా అనిపించింది. హూసుంను ఆయన ఒక కవితలో బూడిదరంగు సముద్రం ఒడ్డున బూడిదరంగు ఊరు అన్నారు. ఊరివాళ్లు ఇవాళ్టికీ ఆ మాటను గర్వంగా చెప్పుకుంటారు. సమాధి సాంక్ట్ యూర్గెన్ శ్మశానంలో, కుటుంబం వాళ్ల సమాధిలోనే. ఆయన కోరిక ప్రకారం అంత్యక్రియలకు పాదిరీ లేడు. చర్చి నమ్మకాల మీద ఆయనకు ఎప్పుడూ మనసు పోలేదు.

అక్కణ్నుంచి కట్ట మీదికి నడిచాం. వాలు మీద గొర్రెలు మేస్తున్నాయి. అవి పచ్చికను పొట్టిగా మేస్తాయి, డెక్కలతో మట్టిని తొక్కి గట్టిచేస్తాయి. కట్టకు అంతకన్నా మంచి కాపలా లేదు. పిల్లలు అడుగులతో వాలు కొలిచారు. మా 1:6 ఇప్పటి కట్టల ముందు నిటారే. ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ఇప్పుడు పెరిగే సముద్ర మట్టాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టే కొత్త కట్టల వాలు 1:10 దాకా పోతుంది. పైభాగం కూడా వెడల్పుగా ఉంచుతున్నారు, రేపు అవసరమైతే ఇంకా ఎత్తు చేసుకోవడానికి. మరికాస్త ఉత్తరాన ష్లూట్‌జీల్ దగ్గర 1958-59లో కట్టిన కోగ్‌కు హౌకె హైయెన్ కోగ్ అనే పేరు పెట్టారు. కథలో మనిషి పేరు నిజం భూమికి వచ్చింది.

ఏప్రిల్ ఆఖరు, లోపలి వాలు

నీటి మట్టం పెంచాం, అల కట్టను దాటేంత. నిటారు కట్ట ముందు వైపు నుంచే పోయింది. ఏటవాలు కట్ట ముందు వైపు గట్టిగానే ఉంది కానీ పైనుంచి దాటిన నీళ్లు లోపలి వైపు జారుతూ అక్కడ కోశాయి. లోపలి వాలు నిటారుగా ఉంచిన చోట ఇంకా త్వరగా. వెనక నుంచి తినుకుంటూ వచ్చి, పైభాగం సన్నబడి, గండి పడింది.

హాంబుర్గ్ పిల్లలకు ఇది పాఠం కాదు, ఇంటి సంగతి. 1962 ఫిబ్రవరి 16, 17 రాత్రి ఉప్పెనలో ఈ నగరంలోనే 315 మంది చనిపోయారు. నీళ్లు పైనుంచి దాటి, లోపలి వాలు కోసుకుపోయి చాలా కట్టలు తెగాయి. ఆ తర్వాతే లోపలి వైపు కూడా వాలు తగ్గించడం మొదలైంది. ఈ తీరం అంతకుముందూ చాలా చూసింది. 1634 అక్టోబరు ఉప్పెన ష్ట్రాండ్ అనే పెద్ద దీవిని ముక్కలు చేసింది. 1825 ఫిబ్రవరి ఉప్పెన నాటికి ష్టోర్మ్‌కు ఏడేళ్లు. కథలో హౌకె చివరి రాత్రి 1756 నాటిది.

మే, ఎలుక బొరియలు

అసలు పరీక్ష ఇది. కథలో కొత్త కట్ట తెగదు. తెగేది పాత కట్ట, కొత్తది వచ్చి కలిసే మూల దగ్గర. అక్కడ పాత మట్టి బలహీనపడిందనీ, లోపల ఎలుకలు తొలిచాయనీ హౌకె వసంతంలోనే చూస్తాడు. అప్పటికి అతను పెద్ద జబ్బు చేసి లేచి ఉన్నాడు. గట్టిగా బాగుచేయాలంటే ఊరంతా మళ్లీ పనిలోకి దిగాలి. ఊళ్లో హౌకెకు మొదటినుంచీ పోటీదారైన ఓలె పేటర్స్, ఇంకా కొందరు అంత అవసరం లేదంటారు. ఎన్నడూ వెనక్కి తగ్గని మనిషి ఆ ఒక్కసారి సర్దుకుపోతాడు, పైపైన మరమ్మతు చేయిస్తాడు.

మధ్య పలక తీసేసి రెండు కట్టల్నీ ఒక మూల దగ్గర కలిపాం. పాత కట్ట ఆ మూలలో తడిమట్టిగా ఉండగానే వెదురు పుల్లలు గుచ్చి, ఆరాక మెల్లగా లాగేశాం. బయటికి కనపడేవి మిరియపు గింజంత రంధ్రాలు. వాటి మీద కొత్త మట్టి పల్చగా రాసేసరికి అవీ కనపడలేదు. చూసేవాళ్లకు కట్ట బాగానే ఉంది.

అలలు రెండు కట్టల మధ్య మూలకు వచ్చి అక్కడ ఎత్తు పెరిగాయి. మొదట లోపలి వైపు ఒక్క చోట మట్టి చెమర్చింది. తర్వాత సన్నటి ధార, దారమంత. ధారలో ఇసుక రేణువులు కనిపించాయి. "ఇసుక వస్తోంది" అని మా అమ్మాయి అరిచేలోపే పైభాగం కుంగింది. కొత్త కట్ట పక్కనే చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. నీళ్లు తేటగా కారితే కొంత టైము ఉంటుంది. మట్టి కలిసి కారుతోందంటే కట్ట లోపలి నుంచి పోతున్నట్టే. మా ఊళ్లో కరకట్ట కాపలా కాసేవాళ్లు కూడా నీటి రంగే ముందు చూస్తారు.

ఇక్కడే ష్టోర్మ్ అంటే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. గండి ఎక్కడ పడాలో అక్కడే పడింది. మట్టి లెక్క ప్రకారం బలహీనమైన చోటూ, మనిషి తన మాట మీద నిలబడని చోటూ ఒకటే చేశారాయన. తెల్లగుర్రం శాపం అన్నవాళ్లకు శాపం కనపడుతుంది. ఎలుకల బొరియ అన్నవాళ్లకు బొరియ. ఆయన ఎవరి పక్షమూ చెప్పరు. అందుకేనేమో కథను మూడు చేతుల మీదుగా నడిపించారు. ఎప్పుడో చదివింది గుర్తుచేసుకునే ఒకాయన, ఆ రాత్రి గట్టు మీద గుర్రపు స్వారీని చూసిన బాటసారి, ఊరి బడిపంతులు. కథకు మూలం కూడా ఈ తీరానిది కాదు. విస్లా నది ఒడ్డున తిరిగే దెయ్యపు రౌతు గురించి 1838లో పత్రికల్లో వచ్చింది. కుర్రవయసులో చదివిన ఆ కథను యాభై ఏళ్లు మనసులో మోసి, తన సముద్రం ఒడ్డుకు తెచ్చుకున్నారు.

మే, వాటాల గొడవ

మార్చిలో కుర్రాడు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు వచ్చాం. ఊళ్లో వాళ్లకు ఎందుకు మండింది? పిల్లలు స్కూల్లో రాసుకొచ్చిన జవాబు "మూఢనమ్మకం". కట్టలో ప్రాణమున్నదేదో ఒకటి వేయాలని పనివాళ్లు కుక్కపిల్లను పూడ్చబోతే హౌకె అడ్డుకుంటాడు కాబట్టి, ఆ జవాబు తప్పేమీ కాదు. కానీ అదొక్కటే కాదు.

ఆ తీరంలో కట్ట పని ప్రతి భూస్వామికీ వాటా ప్రకారం పడేది. తన వాటా కట్ట కాచుకోలేనివాడు పారను కట్టలో గుచ్చి, భూమి వదిలేసి వెళ్లిపోవాలి. ఆ పారను పీకినవాడికి భూమీ, దాంతోపాటు కట్ట బాధ్యతా దక్కేవి. అలాంటి చోట రెండింతల మట్టి మింగే కట్ట అంటే ఏమిటో ఆలోచించండి. పైగా కొత్త కట్ట కాచే మేత భూమిలో హౌకె ముందే చాలా వాటాలు కొనిపెట్టుకున్నాడు. పని అందరిదీ, లాభంలో ఎక్కువ భాగం ఆయనది. నేను ఆ ఊరి రైతునైతే నేనూ ప్రశ్నించేవాణ్ని. హౌకె లెక్క సరైనదే, ఊరివాళ్ల అనుమానానికీ కారణం ఉంది. ఈ రెండూ ఒకేసారి నిజమవడం ఆ కథ బలం. బోర్డు మీద దీన్ని కోర్టు కేసులా రాయమన్నాను, వాది ఓలె పేటర్స్, ప్రతివాది హౌకె. తీర్పు రాయొద్దన్నాను.

నాలుగో బోర్డు కూడా పూర్తయింది, ష్టోర్మ్ చివరి రెండేళ్లు. 1886లో హాడెమార్షెన్‌లోని ఇంట్లో ఈ కథ మొదలుపెట్టారు. అంతలో జబ్బు. 1887లో కడుపులో క్యాన్సర్ అని తెలిసింది. నిజం చెప్పమని ఆయనే అడిగారు, విన్నాక కుంగిపోయారు, కలం కదలలేదు. అప్పుడు ఇంటివాళ్లు, డాక్టరైన తమ్ముడు ఎమీల్‌తో కలిసి మరోసారి పరీక్ష చేయించినట్టు చేసి, ప్రమాదం ఏమీ లేదని చెప్పారు. ఆయన నమ్మారు. మళ్లీ కూర్చుని 1888 ఫిబ్రవరి 9న కథ పూర్తిచేశారు. పిల్లల్లో ఇద్దరు అలా అబద్ధం చెప్పకూడదన్నారు, మిగతావాళ్లు చెప్పి మంచిపని చేశారన్నారు. నేను మిగతావాళ్ల వైపు.

జూన్ మొదట్లో, మిగిలిన ఒక్క పరీక్ష

చివరి రాత్రి ఓలె పేటర్స్ మనుషులు కొత్త కట్టకు గండి కొట్టబోతారు. కొత్త కోగ్‌లోకి నీళ్లు వదిలేస్తే పాత కట్ట మీద ఒత్తిడి తగ్గి ఊరు బతుకుతుందని వాళ్ల లెక్క. హౌకె గుర్రం మీద వచ్చి ఆపేస్తాడు. కాసేపటికే పాత కట్ట తెగుతుంది. బండిలో ఎదురొస్తున్న భార్య ఎల్కె, కూతురు వీన్‌కె నీళ్లలో పోతారు, వెనకే హౌకె. మరి ఆపకుండా ఉంటే?

మామూలుగా చేస్తే మా తొట్టె ఓలె వైపే సాక్ష్యం చెబుతుంది. కొత్త కట్ట కోయగానే బయట నీటి మట్టం చటుక్కున పడిపోయింది, పాత కట్ట బతికింది. కానీ తొట్టెలో నీళ్లు బిందెల లెక్క. సముద్రానికి ఆ కోగ్ ఏ మూలకు? కాబట్టి బయటి మట్టం తగ్గకుండా చూడాలి. అక్వేరియం పంపు ఒకటి తెచ్చి పక్కన డ్రమ్ములోంచి నీళ్లు తోడించాం, ఎక్కువైతే పొర్లిపోయేలా గొట్టం పెట్టాం. ఇప్పుడు కోస్తే కోగ్ నిండింది, బయటి మట్టం మాత్రం అలాగే ఉంది. మూల దగ్గర బొరియలున్న చోట పాత కట్ట అంతకుముందులాగే తెగింది. పైగా కోగ్‌లో నిండిన నీళ్లు పాత కట్ట మిగతా పొడవును కూడా నానబెట్టాయి.

హౌకె ఆపడం సరైనదేనని మా తొట్టె అంటోంది, ఈ కొలతల్లో, ఈ మూల దగ్గర. గండి ఎంత వెడల్పు కొట్టాలి, పోటు ఇంకెంతసేపు ఉంటుంది అన్నవి మారిస్తే ఏమవుతుందో చూడాలి. సంగీతం పిల్ల పోటు తగ్గుముఖం పట్టే వేళను కూడా లెక్కలోకి తేవాలంటోంది, పంపు వేగం మెల్లగా తగ్గిస్తూ. మంచి మాట. వచ్చే ఆదివారం రెండో పంపు వస్తుంది. ఒక నాన్నగారు, కోనసీమ ఆయన, రెగ్యులేటర్ బిగించి ఇస్తానన్నారు. గండి మూడు వెడల్పుల్లో కొట్టి చూస్తాం, కొలతలు కేసు బోర్డు కింద సాక్ష్యంగా అతికిస్తాం.